పై గుండీ

చొక్కా గుండీలన్నీ విప్పుకుని బల్లమీద కూర్చున్నాడు గుండీల తాత. లోపల బనియను ఉంది లెండి. ఆస్పత్రిలో ఈ చిన్న గదిలో ఇరవై ఆరేళ్లుగా అతని ఉద్యోగం అదే. వేళ్లు పోయిన పిల్లలకు డాక్టర్లు కాలివేలు తీసి చేతికి కుడతారు. కుట్లు మానాక ఆ వేలికి పని నేర్పాలి. చెక్కముక్కలూ స్పాంజి బంతులూ ఇస్తే పిల్లలు ఐదు నిమిషాల్లో విసిరికొట్టేవారు. అందుకని తన చొక్కానే ఇచ్చేశాడు. ఒక్కొక్కరు ఒక్కో గుండీ పెట్టాలి.

వాళ్లు ఎంత వంకరగా పెట్టినా సరిచెయ్యకూడదన్నది అతని నియమం. ఆ వంకర చొక్కాతోనే బస్సెక్కేవాడు. జనం నవ్వితే నవ్వనీ! ఇంట్లో భార్య గుమ్మంలోనే పట్టుకుని, ఇవాళ ఏ దొరసాని ముస్తాబు చేసిందో అని ఎగతాళి చేస్తూ ఒక్కొక్కటీ విప్పేది. ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు. ఆమె పోయి నాలుగేళ్లయింది.

ఉద్యోగానికి ఇవాళే ఆఖరు. మధ్యాహ్నానికల్లా కింది గుండీలన్నీ పెట్టేశారు. పైన రెండు మిగిలాయి, పిల్లల్లో ఒక్క పాప మిగిలింది. ఆరేళ్లది. యంత్రంలో పడి చేతి బొటనవేలు పోతే కాలి రెండోవేలు తెచ్చి పెట్టారు. మూడు వారాలుగా ఆ చెయ్యి గౌను జేబులోంచి తియ్యదు. తాను వెళ్లేలోగా అది బయటికి రావాలని తాత పట్టుదల. ఎన్ని కబుర్లు చెప్పినా పాప చెయ్యి జేబులోనే ఉంది.

చివరికి గొణిగింది. “ఇది కాలిది. బళ్లో అందరూ ఛీ అంటారు.”

తాత నవ్వలేదు. “కాలిదేనమ్మా. నీ చేతికి కష్టమొస్తే నీ కాలే సాయం వచ్చింది. ఇంకెవరొస్తారు చెప్పు?”

పాప తన కాలివైపు చూసుకుని చెయ్యి తీసింది. పొట్టి వేలు, బుల్లి గోరు. నాలుక బయటపెట్టి, ఆయాసపడి, పై గుండీని పట్టుకుని రెండో కాజాలో దూర్చింది. కాలరు ఒకపక్కకి లేచింది. నర్సు సరిచెయ్యబోతే తాత ఆమె చెయ్యి తోసేశాడు.

“రేపు ఇంకోటి పెడతా,” అంది పాప.

రేపు తాను రానని చెప్పడానికి తాతకు నోరు రాలేదు. “అలాగేనమ్మా,” అన్నాడు.

ఉద్యోగం ఉంటేనేం, ఊడితేనేం, రేపు వెళ్లాల్సిందే అనుకుంటూ ఇంటికొచ్చాడు. కింది గుండీలు విప్పుకున్నాడు. పైదాన్ని మాత్రం ముట్టుకోకుండా, చొక్కాను తలమీంచి తీసి మేకుకు తగిలించాడు. కాసేపు నడుం వాల్చాడు.

పక్క వీధిలో ఉండే కూతురు సాయంత్రం టీ తెచ్చి లేపితే లేవలేదు. నిద్రలోనే వెళ్లిపోయాడు. ఆమె ఏడ్చి ఏడ్చి, చొక్కా మడత పెడదామని తీసింది. గుండీ దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. పిల్లలు పెట్టిన గుండీని సరిచెయ్యకూడదన్న నాన్న నియమం ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు.

చొక్కాను మళ్లీ మేకుకే తగిలించింది. పై గుండీ రెండో కాజాలో ఉంది, రెండో గుండీ ఇంకా పెట్టలేదు.