మూడు అవునుల తర్వాత

నేను ఒక జత చంద్రవంక చెక్కలను. మలేషియాలోని పెనాంగ్ రేవులో ఒక చీనా వడ్రంగి ముదురు వెదురు దుంపను నిలువునా చీల్చి, పొట్ట చదునుగా, వీపు గుండ్రంగా చెక్కి, ఎర్రరంగు పూశాడు. ముక్కలు రెండైనా ప్రాణం ఒకటే కాబట్టి 'నేను' అనే చెప్పుకుంటాను. దేవుడి జవాబు మనుషులకు తెలపడం నా పని. నేలమీద ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవునని. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే దేవుడు నవ్వుతున్నాడని. దేవుడి మాటే శిరోధార్యం అంటూనే, నచ్చిన జవాబు వచ్చేదాకా నన్ను వేస్తూనే ఉంటారు మనుషులు.

జాలరుల వీధిలోని చిన్న గుడి నా కొలువు. అక్కడి దేవుణ్ణి మూడో రాకుమారుడని పిలుస్తారు, పసివాడు. పడవలు బాగుచేసే బూన్‌తేక్‌కి పూనేవాడు. పూనకం రాగానే ముసలి బూన్‌తేక్ పసిగొంతుతో మిఠాయి అడిగి, ఆ తర్వాతే జబ్బులకూ గొడవలకూ దారి చెప్పేవాడు. ఆయన పోయాక దేవుడికి నోరు లేకుండా పోయింది. జనం రావడం తగ్గింది. గుడి మూసేద్దామన్న మాటా వినబడింది.

అప్పుడే ఆయన కూతురు స్వీగెక్‌కి పూనకం వచ్చింది. చేపలు ఎండబెట్టే మనిషి. ధూపం వాసనకి తల ఊగింది, పసిగొంతు మిఠాయి అడిగింది. గుడి పెద్ద హాక్‌చువాన్ నమ్మలేదు. ఏ దయ్యమో పట్టి ఉంటుందన్నాడు. నన్ను వేస్తే వరసగా మూడుసార్లు అవునని రావాలి, అప్పుడే తండ్రి పూనకంలో కూర్చునే పీట ఇస్తామన్నాడు.

మొదటిరోజు దేవుడు నవ్వాడు. మర్నాడు కాదన్నాడు. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే చేతుల నీచువాసన కడుక్కుని వచ్చేది. నన్ను తిప్పేదెవరో నాకూ తెలియదు. గాలిలో ఉన్నంతసేపూ నేనూ ఎదురుచూస్తాను.

"నాన్న మీద బెంగతో వస్తున్నావమ్మాయ్, వదిలెయ్" అన్నాడు హాక్‌చువాన్.

"బెంగ ఉంది పెదనాన్నా. అయినా రేపూ వస్తాను."

ఒకరోజు అవునన్నాను. మళ్లీ అవునన్నాను. మూడోసారీ అవునన్నాను. నాకే ఒళ్లు పులకరించింది. హాక్‌చువాన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోసారి వెయ్యి."

ఆమె వేసింది. రాతికి తగిలి నాలో ఒక చెక్క రెండుగా చీలిపోయింది.

"చూశావా, దేవుడు వద్దంటున్నాడు."

ఆమె వంగి నా ముక్కలన్నీ ఏరి కళ్లకద్దుకుంది. "దేవుడు చెప్పడం అయిపోయింది పెదనాన్నా. అడగడమే మీకింకా అవలేదు" అని, తండ్రి పీట మీద కూర్చుంది. వచ్చినవాళ్లలో ఒకరు ధూపం వెలిగించారు.

ఇప్పుడు నేను దేవుడి పీఠం కింద అరలో ఉంటున్నాను. నా పనికి కొత్త జత వచ్చింది. మొన్నటి తుఫానులో హాక్‌చువాన్ కొడుకు పడవ తిరిగి రాలేదు. ఆయన మిఠాయి పట్టుకుని స్వీగెక్ ముందు మోకరిల్లాడు. పసిగొంతు వస్తాడంది. కొత్త చెక్కలు వేశారు, అవునని పడ్డాయి.

"ఇంకోసారి వెయ్యమంటారా?" అన్నారెవరో.

"వద్దు. చెప్పాడుగా" అంటూ ముసలాయన లేచి రేవువైపు నడిచాడు.