ఎర్రగీత కొట్టిన పేజీ

టీకాలు పరీక్షించే మా సారు ల్యాబులో ఒక నియమం ఉండేది. తప్పు పడిన లెక్కను చెరపకూడదు. ఎర్ర పెన్సిలుతో గీత కొట్టి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టాలి. ఆయన దగ్గర పద్దెనిమిదేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. ఇంటికొచ్చి ఆయన గొప్పలు చెప్పి చెప్పి మా చెల్లెలి ప్రాణం తీసేదాన్ని.

తర్వాత ఆయనకు రావలసిన డైరెక్టరు పదవి వేరొకరికి పోయింది. సారు అలిగి వెళ్లిపోయారు. ఏడాది తిరిగేసరికి టీకాలు వద్దంటూ సభలు పెట్టడం మొదలుపెట్టారు. ల్యాబులో ఆయన మాట వినేది మేం నలుగురం, అదీ జీతానికి. సభలో రెండు వేలమంది ఊరికే చప్పట్లు కొట్టారు. ఆ రుచి మరిగాక దిగిరావడం ఎవరికైనా కష్టమే.

ఒక వీడియోలో మా నోటుపుస్తకం పేజీ తెర మీద కనిపించింది. నా చేతిరాతే. తట్టు టీకా వేసిన ఎలుకలు సగం చచ్చిన లెక్క అది. "ఈ నిజాన్ని ఎలా కొట్టేశారో చూడండి" అన్నారు సారు. ఆ వారం ఏసీ పాడై గది ఉడికిపోయింది. టీకా వేయని ఎలుకలూ అన్నే చచ్చాయి. గీత కొట్టింది ఆయనే. పక్కనున్న కారణాన్నీ తన సంతకాన్నీ మాత్రం కత్తిరించేశారు.

అప్పటికి చెల్లెలి పాపకు తొమ్మిది నెలలు నిండాయి. ఆ వీడియో చూసి తట్టు టీకా వేయించనని చెల్లెలు భీష్మించుకుంది. పేజీ సంగతంతా చెప్పాను.

"ప్రాణం పోయినా ఆయన అబద్ధమాడరని నువ్వే కదక్కా చెప్పింది. ఇప్పుడు ఉద్యోగం కోసం మాట మారుస్తున్నావు" అంది.

తిన్నగా సారింటికి వెళ్లాను. కుర్చీ మీది కరపత్రాల కట్టలు దించి కూర్చోమన్నారు. అంతా విని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"వేయించెయ్యమనమ్మా. తట్టు తిరుగుతోంది, ఆలస్యం చేయొద్దు."

"ఆ ముక్కే దానికి ఫోన్లో చెప్పండి సార్."

"ఫోన్లోనా? రికార్డు చేస్తే?"

"చెల్లెలే కదా సార్. ఒక్క నిమిషం."

"ఎల్లుండి సభ ఉందమ్మా" అని నీళ్లు నమిలారు.

ఒళ్లు మండిపోయింది. అయినా పద్దెనిమిదేళ్ల అలవాటు, వస్తూ వస్తూ నమస్కారం పెట్టే వచ్చాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆయన మాటను చెల్లెలికి అప్పజెప్పాను. "అయితే ఆయన నోటితోనే చెప్పించు" అంది.

మూడు వారాలకు పాపకు తట్టు పోసింది. పాప దక్కింది గానీ, చెవుల్లో చీముపట్టి వినికిడి పోయింది. డాక్టరు చెప్పినా చెల్లెలు నమ్మలేదు. మంచం పక్కన నిలబడి పిలుస్తూనే ఉంది. పాప పైకప్పు చూస్తూ కాళ్లాడిస్తోంది.

"నువ్వు పిలువక్కా. నీ గొంతంటే దానికి ఇష్టం" అంది.

పిలిచాను.