డ్రమ్ము లేని వేదిక మీద వెర్లన్ గిటారు

కొరింత్ ఊళ్ళో శనివారం మధ్యాహ్నం రేడియో పాటల సభ నడిపే టాకెట్ ముసలాయనకు డ్రమ్ములంటే పడదు. పల్లెపాటకు డ్రమ్ము తగిలిస్తే పత్తికి పురుగు పడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఇరవై ఏళ్ళుగా ఆ వేదిక ఎక్కిన డ్రమ్ము లేదు.

ఆ సంగతి తెలిసే వెర్లన్ డ్రమ్ము మనిషి లేకుండా వచ్చాడు. కరెంటు గిటారు తనది. పాటా, మెడలో మామూలు గిటారూ పినతండ్రి కొడుకు డ్యూలిన్‌వి. మనిషంత ఎత్తు తీగల వాయిద్యం, బాసు, బావమరిది హోబర్ట్‌ది. మెంఫిస్‌లో పాటల రికార్డులు తీసే ఆసామి ఈ పూట రేడియో వింటానన్నాడు. ఆయనకు నచ్చితే వెర్లన్ ఇక రంపపు మిల్లు మొహం చూడక్కర్లేదు. నచ్చకపోతే సోమవారం మళ్ళీ మిల్లే.

సభకు గంట ముందు పాట సరిచూసుకుంటుంటే టాకెట్ ఊడిపడ్డాడు.

"డ్రమ్ము ఎక్కడ దాచారు?"

"లేదండీ," అన్నాడు వెర్లన్.

ముసలాయన తెర వెనక చూశాడు, బల్ల కింద చూశాడు, బాసు పొట్టలోకి టార్చి వేసి మరీ చూశాడు. డ్యూలిన్ నవ్వాపుకోలేక తన గిటారు చూపించాడు. తీగల మధ్య రొట్టె చుట్టే మైనం కాగితం అల్లి ఉంది. చెయ్యి పడితే చాలు, డ్రమ్ములాగే చక్ చక్‌మంటుంది.

"కాగితం తియ్యి నాయనా."

"కాగితం డ్రమ్మెలా అవుద్ది తాతా?"

"డ్రమ్ములా అరిచిందల్లా డ్రమ్మే."

కాగితం తీసిన డ్యూలిన్ ఊరుకున్నాడా, గిటారు చెక్క మీద అరచేత్తో బాదాడు. వీడి బాదుడుకు ఒకసారి పక్క జిల్లా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని హోబర్ట్ ఒట్టేసి చెబుతాడు.

"చెక్క మీదా చెయ్యి పడకూడదు. పక్కనే నిలబడి చూస్తుంటా," అన్నాడు టాకెట్.

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"నువ్వు నోరు ముయ్యరా డ్యూలిన్. లేకపోతే మిల్లులో నా పక్కన నీకూ ఓ రంపం చూస్తా," అన్నాడు వెర్లన్ పళ్ళు కొరుకుతూ. ఆ మోత ఉంటేనే తన వేళ్ళు పరిగెడతాయి. కింద నేల లాగేసి గంతులెయ్యమంటే ఎలా? పాట మధ్యలో తాను ఒంటరిగా వాయించే ముక్క కోసం ఆరు నెలలు వేళ్ళు అరగదీసుకున్నాడు.

సభ మొదలైంది. మొదటి చరణం పలచటి గంజిలా సాగింది. వెర్లన్‌కు ఒళ్ళు మండింది. తన ముక్క రాగానే ఆరు నెలల సాధన గాలికొదిలేసి, అరచేతి అంచు లావు తీగల మీద అదిమి, బొటనవేలితో దబదబా కొడుతూ మిగతా వేళ్ళతో పాట లాగాడు. నొక్కిపెట్టిన తీగలు మోగడం మాని మూలిగాయి. ఆ కోపం హోబర్ట్ బాసుకూ అంటుకుంది.

టాకెట్ చేతులు కట్టుకుని వెర్లన్ వేళ్ళకేసి గుడ్లురిమి చూస్తున్నాడు. వేళ్ళు తీగల మీదే ఉన్నాయి. తప్పు పట్టడానికి లేదు. ఈలోగా ఆయన కుడి బూటు, యజమానిని అడక్కుండానే, చెక్క వేదికను టక్ టక్‌మని తన్నడం మొదలెట్టింది. వేదిక లోపలంతా బోలు. మైకు మూరెడు దూరంలో ఉంది.

పాట అయ్యీ కాకముందే ఫోను మోగింది. మెంఫిస్ ఆసామి.

"గిటారు భలే ఉందబ్బాయ్. మంగళవారం రండి. ఆ డ్రమ్ము వాయించే అతన్ని మాత్రం తప్పకుండా తీసుకురండి. అతను లేకపోతే మీరూ రావద్దు."

వెర్లన్ ఫోను పెట్టేశాడు. తర్వాత వెళ్ళి టాకెట్‌కు సంగతి చెప్పాడు.

"నా వేదిక మీద డ్రమ్ము లేదు," అన్నాడాయన.

"మీ బూటండీ."

"నా బూటు కదల్లేదు."

"కదిలింది తాతా, చెక్కలో మేకు కూడా లేచింది," అన్నాడు డ్యూలిన్.

"కదల్లేదన్నానా."

వెర్లన్ డ్యూలిన్‌ను బయటికి తోసి, తలుపేసి, మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. ఇంకోసారి చెప్పాడు. నాలుగోసారికి ముసలాయన తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"మంగళవారం ఎన్నింటికి?" అన్నాడు.