కంప్యూటరు కింద రాలిన పసుపు

దొమితిలా పొద్దున్నే లేచి పొయ్యి మీద కాఫీ పెడుతుంది. అది కాగేలోపు చీపురు పట్టుకుని పెద్దకూతురి కంప్యూటరు బల్ల కింద ఊడుస్తుంది. అక్కడ ఊడవకుండా రెండు రోజులు వదిలేస్తే ఇక ఇల్లు ఇల్లులా ఉండదు. రాలిన రంగులు కాళ్ళకి అంటుకుని వంటింటిదాకా వస్తాయి. గోడవారన ఏ చిన్న చప్పుడో పడి ఉండి, చూసుకోకుండా తొక్కితే కుయ్యిమంటుంది.

ఆ పెద్దకూతురు ఎలిదా. మా కిబ్దో పట్నంలో నర్సులు కొందరు కలిసి, అత్రాతో నది వెంట ఉన్న పల్లెల్లోని మంత్రసానులకి ఫోన్లలో పాఠాలు చెబుతారు. వాటిని కెమెరాతో తీసేదీ, అక్కర్లేని ముక్కలు కత్తిరించేదీ, పల్లెలకి పంపేంత చిన్నగా కుదించేదీ ఎలిదాయే. ఆ పల్లెల్లో బడి కప్పు మీద ఒక యాంటెన్నా ఉంటుంది. ఊరు మొత్తానికీ అదే దిక్కు. అది పనిచేయాలంటే జనరేటరు తిరగాలి, వాన తెరిపివ్వాలి. మా దగ్గర వాన తెరిపివ్వడమంటే పెళ్ళివారు చెప్పిన వేళకి రావడమే. ఆ కాస్త సందులో దిగిపోవాలంటే వీడియో తేలిగ్గా ఉండాలి. బరువైతే సగంలో ఆగి, తెర మీద సున్నా చుట్టుకుంటూ కూచుంటుంది.

కుదించడమంటే ఏదో ఒకటి వదిలేయడమే కదా. మనిషి కన్ను వెలుగునీ నీడనీ పట్టుకున్నంత బాగా రంగుని పట్టుకోదు. అందుకని కంప్యూటరు ముందు రంగు మీదే చెయ్యేస్తుంది. పక్కపక్కనున్న నాలుగు ఆకుపచ్చల్లో ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేస్తుంది. వదిలేసింది కింద పడుతుంది. ఈ పని చేసే అందరి ఇళ్ళలోనూ ఇలాగే పడుతుందో లేదో నాకు తెలీదు. నేను చూసింది ఎలిదా ఇల్లే, ఎందుకంటే మాది ఎదురిల్లు.

దొమితిలా ఏదీ పారేసే మనిషి కాదు. ఆకుపచ్చలు ఊడ్చి కుండీల్లో వేస్తే మొక్కలు ఏపుగా వచ్చేవి. నర్సుల కోట్ల తెలుపు సున్నంలో కలిపి గోడలకి కొట్టింది. పాఠం వెనకాల వినపడుతున్న ఫ్యాను రొదని ఎలిదా తీసేస్తే, ఆవిడ దాన్ని సీసాలో పట్టి మూతపెట్టింది. కరెంటు పోయినప్పుడు మూత తీస్తే గాలి రాకపోయినా ఆ చప్పుడుకి అలవాటుగా నిద్ర పట్టేది. ఇక మిగిలిన రంగులన్నీ పక్కింటి బెర్తిల్దాకి పోయేవి. సాన్ పాచో పండగకి మా వీధి ఆడవాళ్ళ గాగ్రాలు కుట్టేది ఆవిడే.

"వదినా, ఎరుపేమన్నా పడిందా?" అని గోడ మీంచి అడిగేది.

"పాఠాలు పురుళ్ళవి. ఎరుపుకేం కొదవ, గిన్నె పట్టుకురా" అనేది దొమితిలా.

ఒకరోజు పొద్దున చీపురు పెట్టి లాగితే పసుపు వచ్చింది. ఇంకా లాగితే ఇంకా వచ్చింది. అంత పసుపు ఆ ఇంట్లో ఎప్పుడూ పడలేదు.

"ఏమే, ఇవాళ ఇంత రాలిందేమిటి? ఏం తీశావు, అరటిపళ్ళా?"

"పసిపిల్లాణ్ణమ్మా. పచ్చకామెర్ల పాఠం" అంది ఎలిదా తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

పాఠం బాగా వచ్చింది. నర్సమ్మ మాట స్పష్టంగా ఉంది. చెయ్యి కదలడం, బిడ్డ ఆవలించడం, అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఎలిదా ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపేసింది. కంప్యూటర్లో చోటు చాలక, పంపిన పాఠం తాలూకు అసలు వీడియోని తుడిచేసింది. ఎప్పుడూ చేసేదే. దొమితిలా ఆ పసుపుని బిస్కెట్ల డబ్బాలోకెత్తి బెర్తిల్దాకి ఇచ్చింది. బెర్తిల్దా మొహం వెలిగిపోయింది.

నదికి దిగువన బోకా లిరియో అనే పల్లె ఉంది. ఎలిదా చెల్లెలు యురానీని అక్కడే ఇచ్చారు. అప్పటికి దానికి తొలిచూలు, నెలలు నిండాయి. ఆ ఊరి మంత్రసాని తొమాసా. దొమితిలా పురుళ్ళకి అక్కడికే వెళ్ళేది, అక్కచెల్లెళ్ళిద్దరికీ బొడ్డు కోసింది ఆవిడే. పాఠం వెళ్ళిన మర్నాడు ఆవిడ గొంతు ఫోన్లో వచ్చింది.

"నీ పాఠం చూశాం పిల్లా. నర్సమ్మ కళ్ళు చూడమంది, చూశాం. చిగుళ్ళు చూడమంది, అరికాళ్ళు చూడమంది. బడిలో ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి చూశాం. ఏముందక్కడ చూడ్డానికి? వాడు మన పిల్లలందరిలాగే ఉన్నాడు. పసుపు పసుపు అంటుందావిడ. మన నల్లటి ఒంటి మీద అది ఏ పసుపో, ఎంత పసుపో, ఒక్కసారి చూస్తే కదా తెలిసేది. పోయినేడు యొలీమా బిడ్డ అస్తమానం నిద్రపోతుంటే మంచి పిల్లాడు, ఏడవడు అని మురిసిపోయాం. నా చేతుల్లోనే పోయాడు. ఇప్పుడు నీ చెల్లెలికి రేపో మాపో. నేనేం చూడాలో నాకు చూపించు."

ఎలిదా పాఠం తెరిచి బిడ్డ కళ్ళ దగ్గర ఆపింది. తెల్లటి కళ్ళు. నర్సమ్మ బొటనవేలితో బిడ్డ నుదురు నొక్కి తీసి, "ఇదిగో, ఇక్కడ చూడండి" అంటోంది. అక్కడ ఏమీ లేదు. కంప్యూటరు ఆ పసుపుని కంటికి ఆనని విషయం అనుకుని తీసేసింది. తీసేశాక ఎలిదా కూడా చూసింది, రెండుసార్లు చూసింది, బాగుందనుకుంది. ఎలిదా కంప్యూటరంతా వెతికింది. అసలు వీడియో లేదు. పాఠం తీసి వారం దాటింది, ఆ పిల్లాడు నయమై తల్లితో ఊరెళ్ళిపోయాడు. మళ్ళీ తీద్దామంటే కామెర్ల బిడ్డని ఎక్కణ్ణుంచి తేవడం, తేవాలని కోరుకోవడం మాత్రం ఎలా?

"అమ్మా, ఆ పసుపేదీ?"

"బెర్తిల్దాకిచ్చాగా."

ఎలిదా చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తింది. బెర్తిల్దా మిషను తొక్కుతోంది. డబ్బా ఆవిడ పక్కనే ఉంది. ఎండ మొహం చూస్తే గుడ్డలకి రంగెక్కిద్దామని, వాన ఎప్పుడు వెలుస్తుందా అని కాచుకుని ఉంది. మా వాన వల్ల ఒక మేలు జరిగిందంటే అప్పుడే.

"అత్తా, ఆ పసుపు నాకు వెనక్కి కావాలి."

"బాగుందే. ఇచ్చింది మీరు, పుచ్చుకునేది మీరు. ఈసారి మన వీధి వాళ్ళు పండగలో రంగులేని గుడ్డల్తో తిరగాలా? అవతలి వీధి వాళ్ళు నవ్వి చస్తారు."

"అది పిల్లాడి ఒంట్లో పసుపత్తా. అది లేకపోతే తొమాసా పెద్దమ్మకి ఆ పాఠంలో ఏమీ కనపడదు. యురానీకి నెలలు నిండాయి."

బెర్తిల్దా కాళ్ళు ఆగిపోయాయి. డబ్బా తీసి చేతిలో పెట్టింది. గుమ్మం దాకా వచ్చి, ముందు కట్టుకున్న గుడ్డ విప్పి డబ్బా మీద జాగ్రత్తగా దులిపింది.

"దీనికి కూడా కాస్త అంటింది, తీసుకెళ్ళు" అంది.

ఎలిదా కంప్యూటరు ముందు కూచుని, చిటికెడు పసుపు తీసి తెర మీద చల్లింది. అది గాజులోకి ఇంకింది. ఎలిదా చెప్పనక్కర్లేకుండానే ఎక్కడిది అక్కడికి పోయింది. నర్సమ్మ కోటు జోలికి పోలేదు, దుప్పటి మీద నిలవలేదు. కళ్ళలో తెల్లగుడ్డు ఉన్నచోటికి పోయింది. ఆవలించిన నోట్లో చిగుళ్ళ మీదికి పోయింది. నర్సమ్మ వేలు తీసిన చోట నుదుటి చర్మం కింద ఒక్క క్షణం మెరిసి మళ్ళీ నల్లదనంలోకి వెళ్ళింది. ఎలిదా చల్లుతూనే ఉంది. పసుపు పొట్ట దాటింది, మోకాళ్ళు దాటింది, చివరికి చిన్న చిన్న అరికాళ్ళలో చేరి ఆగింది.

కాఫీ గ్లాసుతో వెనకాల నిలబడ్డ దొమితిలా తాగడం మర్చిపోయింది. పసుపు గాజులోకి పోవడం ఆవిడకి వింతేం కాదు, పడిందెలాగో ఎక్కడమూ అలాగే. ఆవిడ చూస్తున్నది ఆ బిడ్డని.

"నా తండ్రే, ఎంత ఉందే వీడి ఒంట్లో" అంది మెల్లగా. "ఇంత పెట్టుకుని ఎలా ఆవలిస్తున్నాడు చూడు. నేను వీణ్ణి చీపురుతో ఊడ్చానా?"

అయితే రంగు ఎక్కగానే వీడియో మళ్ళీ బరువైంది. యాంటెన్నా దాన్ని లాగలేదు. ఎలిదా మళ్ళీ కుదించింది. బల్ల కింద పసుపు పడింది. దొమితిలా ఎత్తి ఇచ్చింది, ఎలిదా మళ్ళీ చల్లింది. ఈసారి కంప్యూటరు ఇష్టానికి వదలకుండా, రంగు ముట్టుకోవద్దని కట్టడి చేసి, ఏది వదలాలో తనే చూసుకుంటూ కూచుంది. వెనక మోగే గిటారు వదిలేసింది. అది తీగ తెగినట్టు ఒక్క మోతతో కింద పడింది. గిరగిర తిరుగుతూ వచ్చే పేరు అక్షరాలు వదిలేసింది. కిటికీ తెర మీద పూలు రాలాయి. గోడ మీద పగుళ్ళు, గోడ గడియారం ముళ్ళు, నర్సమ్మ కోటు ముడతలు, చెవిపోగుల తళుకు, అన్నీ ఒకటొకటిగా రాలాయి. బిడ్డని మాత్రం ముట్టుకోలేదు.

ఇంకా కొంచెం బరువుంది. తీయడానికి ఇంకేముందా అని వెతికింది. తీయగలిగింది ఒకటుంది కానీ దాని వైపు చూడ్డం ఇష్టంలేక చుట్టూ తిరిగి వస్తోంది.

ఎలిదా పాఠాలన్నీ అత్రాతో నదితోనే మొదలయ్యేవి. తెల్లవారుతుండగా తీసిన నది. పొగమంచు, దాని కింద ఇత్తడి రంగు నీళ్ళు, ఎక్కడో ఒక కొంగ. ఆ ముక్క చూసి పల్లెల్లో ఆడవాళ్ళు, "ఇది ఎలిదా పాఠం" అని గుర్తుపట్టేవాళ్ళు. మనం చేసిన పనిలో మన ముద్ర చూసుకోవాలని ఎవరికుండదు? అందుకే అంతసేపూ నది పాఠంలో భాగం కాదన్న సంగతి ఆ పిల్లకి తట్టలేదు, లేదా తట్టనివ్వలేదు.

"ఏంటే ఆలోచిస్తున్నావు?" అంది దొమితిలా.

"ఏం లేదమ్మా. కాళ్ళు పైకి పెట్టుకో" అని ఎలిదా నదిని వదిలేసింది.

బల్ల అంచు మీంచి అత్రాతో దిగింది. ముందు పొగమంచు దిగి గదంతా చల్లబడింది. వెనకే నీళ్ళు వచ్చాయి. గచ్చు మీద పరుచుకుని, కుర్చీల కాళ్ళ చుట్టూ సుడి తిరిగి, తెల్లవారుజాము వెలుగుని మోసుకుంటూ గుమ్మం వైపు నడిచాయి. బయట మిట్టమధ్యాహ్నం, అయినా ఆ నీళ్ళు సాగినంత మేరా పొద్దు పొడుస్తోంది. నేను మా మెట్ల మీద చూరు కింద కూచుని ఉన్నాను. ఆ నది గుమ్మం దాటి మా వీధిలోకి వస్తుంటే అందరం చెప్పులు చేత్తో పట్టుకుని కాళ్ళు పైకెత్తుకున్నాం.  బెర్తిల్దా మాత్రం వంగి దోసిట్లోకి కాసిని తీసుకుని మొహం కడుక్కుంది. ఇన్నేళ్ళుగా రోజూ నదిని చూస్తున్నాను. అది అంత అందంగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

దొమితిలా పావడా అంచు పైకి పట్టుకుని, చీపురుతో గుమ్మంలో నిలబడింది.

"దీన్నెక్కడ దాచనే నేను?"

"పోనీయమ్మా. దానికి దారి తెలుసు."

నీళ్ళు వీధి దిగి, రేవు మెట్లు దిగి, అసలు నదిలో కలిసిపోయాయి. సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చింది. బోకా లిరియోలో జనరేటరు వేశారు. పాఠం దిగిపోయింది.

చాలాసేపటికి తొమాసా ఫోను వచ్చింది.  గదినిండా ఆడవాళ్ళు ఊపిరి తీస్తున్న చప్పుడు, ఎవరో వెనక్కి తిరిగి ఏడుస్తున్న చప్పుడు. తర్వాత ఆవిడ అంది, "చూశాం పిల్లా. యొలీమా బిడ్డకీ ఇదే. కళ్ళెదుట పెట్టుకుని చూడలేదు మేము." ఆ వెంటనే, "నీ నది రాలేదేం? సరేలే, మాకిక్కడుంది" అంది.

ఆ వారంలోనే యురానీకి ఆడపిల్ల పుట్టింది. పాలు తాగింది, బొద్దుగా ఉంది. మూడోనాడు పొద్దున రొమ్ము పట్టకుండా నిద్రపోతుంటే, ఎంత బుద్ధిమంతురాలో అని యురానీ అత్తగారు మురిసింది. తొమాసా మాత్రం బిడ్డని ఎత్తుకుని కిటికీ దగ్గరికి నడిచింది. రెప్ప తెరిచి చూసింది. నుదురు నొక్కి వేలు తీసింది. అరికాలు వెలుతురులోకి తిప్పింది. 

"పడవ తియ్యండి" అంది.

కిబ్దో రేవులో దిగినప్పుడు బిడ్డని తల్లి రొమ్ముకి హత్తుకుని ఉంది, ఇద్దరి మీదా తొమాసా గొడుగు పట్టింది. ఆస్పత్రిలో ఆవిడ ఒకటే మాట చెప్పింది, "అరికాళ్ళదాకా వచ్చింది." డాక్టరమ్మ చూసి, సమయానికి తెచ్చారంది. ఇంకో రోజు నిద్రపోనిచ్చి ఉంటే అది మెదడుకెక్కేదని, ఆ పైన తను చేయగలిగింది ఉండేది కాదని కూడా అంది. ఎలిదా ఆ మాట విని పోయి చెల్లెలి పక్కన కూచుంది.

బిడ్డ కళ్ళకి గంత కట్టి, కామెర్లు తగ్గించే నీలం దీపం కింద పడుకోబెట్టారు. దొమితిలా పక్కనే కుర్చీ వేసుకుని కూచుంది. మర్నాడు బిడ్డ గట్టిగా ఏడ్చి పాలు తాగుతుంటే, ఆవిడ అలవాటు చొప్పున ఉయ్యాల కిందికి చెయ్యి పోనిచ్చి నేల తడిమింది. వేళ్ళు పైకి తీసి చూసుకుంది. పసుపు.

"రాలుతోంది" అంది కూతుళ్ళతో. ఆస్పత్రి ఊడ్చే ఆవిణ్ణి చీపురు అడిగి తెచ్చుకుని, ఉయ్యాల కిందంతా ఊడ్చి, బిస్కెట్ల డబ్బాలోకి ఎత్తింది. రోజూ ఎత్తింది. రాలడం ఆగిపోయి, బిడ్డ కళ్ళు తెల్లబడ్డాక, డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరింది. దారిలో బెర్తిల్దా ఎదురైంది.

"వదినా, అది పసుపే కదా? గాగ్రాలింకా తెల్లగానే ఉన్నాయి."

"ఇది వద్దులే" అంది దొమితిలా.

ఏదీ పారేయని మనిషి రేవు మెట్లు దిగి, డబ్బా అత్రాతోలోకి బోర్లించింది. నీళ్ళ మీద కాసేపు ఎండ కాసినట్టుంది, తర్వాత లేదు. ఆవిడ డబ్బాని మట్టి పెట్టి తోమి, కడిగి, పైకెక్కి మనవరాలి దగ్గరికి వెళ్ళింది.