మూడో యాంప్ ఎందుకు కొనలేదంటే

మా బావకి యాభై నాలుగో ఏట బ్లూస్ పిచ్చి పట్టింది. అంతకుముందు ఆయనకి పిచ్చంటూ ఏదీ లేదు. మా అక్క దృష్టిలో అదే పెద్ద లోటు.

బావది రేకుల పని. పెద్ద భవనాల్లో ఏసీ గాలి మోసే రేకు గొట్టాలుంటాయే, వాటిని కోసి, వంచి, సుత్తులతో కొట్టి తయారుచేసే వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉన్నాడు. ఒకరోజు ఏదో హాలు పైకప్పులో బోర్లా పడుకుని గొట్టాలు అతుకుతుంటే లోపల్నించి గిటారు వినపడిందట. కింద ఎవరో స్పీకర్లు పరీక్షిస్తున్నారు. బావ నిచ్చెన దిగి, ఒళ్ళంతా దుమ్ముతోనే వెళ్ళి, వాయించేది ఎవరని అడిగాడు. బి.బి. కింగ్ అని చెప్పాడు ఆ స్పీకర్లాయన.

"మూడు స్వరాలు వాయించి ఆగిపోతాడే," అన్నాడు ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి. "ఏడుపు ఆపుకుంటూ మాట్లాడేవాళ్ళు మధ్యలో ఆగుతారు చూడు, అలా. పాడేటప్పుడు వాయించడు, వాయించేటప్పుడు పాడడు. గిటారుకి పేరు కూడా పెట్టుకున్నాడట."

"పాతికేళ్ళయింది పెళ్ళయి, నన్నేనాడన్నా పేరు పెట్టి పిలిచారా?" అంది వెంటొచ్చిన అక్క.

అక్కడితో ఆగలేదు. ఫోన్లో ఒకరి తర్వాత ఒకర్ని వెతికి పట్టుకున్నాడు. ఆల్బర్ట్ కింగ్ ఎడమచేతివాటం, గిటారు తిరగేసి పట్టుకుంటాడు, అందుకే తీగని కిందకి లాగి సాగదీస్తాడు. ఫ్రెడ్డీ కింగ్ బొటనవేలికి తొడుగు వేసుకుని మీటుతాడు. ముగ్గురూ కింగులే కదా, చుట్టాలా అని నేనడిగితే, "ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన దాయాదులైపోతారటే?" అని కసిరాడు, అదేదో తన వంశం పరువు తీసినట్టు. టీవీ చూస్తూ నిద్రపోయే మనిషి నోట్‌బుక్కు పెట్టి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. నాకు భలే ముచ్చటేసింది. మనిషికి ఆ వయసులో కొత్త ప్రేమ పుట్టడం, అదీ ఇంట్లో గొడవ తేని ప్రేమ పుట్టడం, అందరికీ రాసిపెట్టి ఉండదు.

ఏడాది తిరిగేసరికి పాత గిటారు ఒకటి కొన్నాడు, లోపల సగం బోలుగా ఉండేది. రేకులు వంచిన వేళ్ళకి లావు తీగలు లెక్కే కాలేదు. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. నిజం చెప్పాలంటే బాగానే వాయిస్తాడు. ఒక స్వరం పట్టుకుని దాన్ని మెల్లగా పైకి సాగదీసి, అక్కడ వేలు వణికించి వదిలితే, నాలాంటి మొరటుదానికి కూడా గుండెలో ఏదో కదులుతుంది. కాకపోతే చెవిలో కూడా ఏదో గుచ్చుకుంటుంది. ఆయన గిటారు చప్పుడు అంత కీచుగా ఉండేది. బ్లూస్ అంటే ఇంతేనేమో అనుకున్నాను. నేను చేసేది చెవుల ఆస్పత్రిలో వినికిడి పరీక్షలని గమనించగలరు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఆదివారం పొద్దున ఒక మోటారు గ్యారేజీలో నలుగురైదుగురు చేరి బ్లూస్ వాయిస్తారు. వాళ్ళకి పెద్దదిక్కు ఒక రిటైరైన లెక్కల మాస్టారు. బావ వారమంతా ఆ రెండు గంటలకోసం బతికేవాడు. శనివారం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకునేవాడు. అలాంటిది ఒక ఆదివారం మధ్యలోనే ఇంటికొచ్చేశాడు.

"మాస్టారు నా సౌండు సూదుల్లా గుచ్చుకుంటోందన్నారు," అన్నాడు. "సరిచేసుకుని రమ్మన్నారు. అందాకా ఊరికే కూర్చుని వినమన్నారు."

కూర్చుని వినండి అన్న మాట ఆయన్ని ఎంత కోసిందో మొహంలోనే కనపడింది. ముందు తీగలు మార్చాడు. తర్వాత వైరు మార్చాడు. తర్వాత యాంప్ మార్చాడు, అంటే గిటారు శబ్దాన్ని పెంచి బయటికి పంపే పెట్టె. రెండో యాంప్‌తో వెళ్ళినా మాస్టారు తల అడ్డంగానే ఊపారు. ఇంక మూడోది కొనాలని బయల్దేరి, తోడుకి నన్ను రమ్మన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బావా నీ వ్యవహారం," అన్నాను దారిలో. ఆయన నవ్వేశాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

షాపాయన ఓపికున్న మనిషి. చిన్న యాంప్, పెద్ద యాంప్, లోపల గాజు వాల్వులు వెలిగే పాతకాలపు యాంప్, ఒక్కొక్కటే తగిలించి, బ్లూస్‌కి ఇదైతే గొంతు వెచ్చగా పలుకుతుందని చెప్పి తను వాయించి చూపించాడు. ఆ వాల్వు యాంప్ నాకు కూడా నచ్చింది, వెచ్చటి గొంతు దానిది. బావ మాత్రం మొహం చిట్లించాడు.

"దుప్పటి కప్పినట్టుందండీ. స్వరం అంచు తెలియట్లేదు."

వంగి, ట్రెబుల్ అని రాసి ఉన్న మీటని పది దాకా తిప్పాడు. సన్నటి శబ్దాలన్నిటినీ పెంచే మీట అది. అప్పుడు వాయించాడు. నా పళ్ళు జివ్వుమన్నాయి. వేణువు కొనడానికొచ్చిన ఒకావిడ రెండు చెవులూ మూసుకుంది. షాపాయన పాపం మర్యాదస్తుడు, ఏదో సర్దుతున్నట్టు స్తంభం వెనక్కి జరిగాడు. బావ మాత్రం కళ్ళు మూసుకుని, చల్లటి నీళ్ళు తాగినవాడిలా నిట్టూర్చాడు.

"ఆఁ! ఇప్పుడొచ్చింది దారికి," అన్నాడు.

అప్పుడు గానీ నాకు తట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ సుత్తి దెబ్బలు. పెద్ద చప్పుడు చెవిని ఒక్కసారిగా చంపదు, ముందు సన్నటి శబ్దాల్ని తినేస్తుంది. లావు శబ్దాలు మిగులుతాయి కాబట్టి మనిషికి అనుమానం రాదు, లోకమే కాస్త మసకబారిందనుకుంటాడు. ఇలాంటివాళ్ళని రోజుకి నలుగుర్ని చూస్తాను, బావని మాత్రం చూడలేదు.

"ఇప్పుడే కొనకు బావా," అన్నాను. "రేపొకసారి మా ఆస్పత్రికి రా."

పరీక్ష గదంటే గోడలకి మెత్తలు కొట్టిన చిన్న పెట్టె. రోగి లోపల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు, గాజు కిటికీకి ఇవతల నేనుంటాను. నేను శబ్దాలు పంపిస్తాను, వినపడ్డప్పుడల్లా ఆయన బటన్ నొక్కాలి. రోగిని గాజుకి పక్కగా తిప్పి కూర్చోబెట్టాలన్నది నియమం. బావ కదా, భయపడతాడేమోనని ఎదురుగానే కూర్చోనిచ్చాను.

ఫలితం చూస్తే నాకు మతిపోయింది. సన్నటివీ, అతి సన్నటివీ అన్నీ నొక్కాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడి చెవులు! ఒక్క క్షణం సంతోషించాను కూడా. తర్వాత అనుమానమొచ్చింది. ఏ శబ్దమూ పంపకుండా, ఊరికే భుజం కదిలించి, మీట నొక్కినట్టు నటించాను. బావ టక్కున బటన్ నొక్కాడు. మళ్ళీ కదిలించాను. మళ్ళీ నొక్కాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు తీసుకుని లోపలికెళ్ళాను.

"కాపీ కొడుతున్నావా బావా? నా దగ్గరా? నా భుజం చూసి నొక్కుతున్నావా?"

బావ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బడిలో దొరికిపోయిన పిల్లాడిలా తల వంచుకున్నాడు. నా ఏడో ఏట నన్ను సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్ళిన మనిషాయన.

"నువ్వు చెవుడని రాసిచ్చావంటే ఇంక నన్ను ఎవరు కూర్చోనిస్తారే వాళ్ళ పక్కన?" అన్నాడు. "చెవిటివాడికి గిటారేంటని నవ్వరూ?"

నా కోపం ఎటు పోయిందో పోయింది. పక్కకి తిప్పి కూర్చోబెట్టి, మళ్ళీ మొదట్నించి చేశాను. ఈసారి కాగితం మీద వినికిడి చూపించే గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణించి మెట్లు విరిగినట్టు కిందకి పడిపోయింది. చివరి భాగంలో ఏమీ లేదు.

"పిట్టల అరుపులు విని ఎన్నాళ్ళయింది బావా?" అనడిగాను.

"పిట్టలెక్కడున్నాయే ఇప్పుడు?" అన్నాడు. "మా వీధిలో అన్నీ పోయాయి."

వాళ్ళ మేడమీద పొద్దున్నే పిట్టలు చేసే గోలకి నేను వెళ్ళినప్పుడల్లా నిద్ర లేస్తాను. ఆ మాట ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పకపోయినా, నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. గిటారు అమ్మేస్తానని మాత్రం అన్నాడు, లేచి చెప్పులేసుకుంటూ.

అమ్మనివ్వలేదు. బతిమాలి, తిట్టి, అక్కతో చెప్తానని బెదిరించి, చెవులకి మిషన్లు పెట్టాను. పది రోజులు వాడి చూసి నచ్చకపోతే వెనక్కిచ్చెయ్యమన్నాను. మూడో రోజు సాయంత్రం ఎలా ఉందో చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క కుర్చీలో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. ఆయన వాయించినంతసేపూ అక్క అదే గదిలో, ఏదో ఒక పని పెట్టుకుని కూర్చునేది. దానికీ బ్లూస్ ఇష్టమేమో అనుకునేదాన్ని.

మిషన్లు పెట్టుకున్నాక గిటారు ముట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి. యాంప్ మీటలన్నీ ఆయన ఎప్పుడూ పెట్టుకునేచోటే ఉన్నాయి. ఒక స్వరం మీటాడు. మీటి, కాలినవాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అక్కవైపు తిరిగాడు.

"రోజూ నువ్వు వినేది ఇదేనా?"

"ఆఁ."

"రెండేళ్ళనుంచీ?"

"మొదట్లో ఇంత లేదు," అంది అక్క, బీన్స్ మీంచి తలెత్తకుండా. "పోనుపోను పెంచుకుంటూ వచ్చారు."

"చెప్పొచ్చుగా!"

"చెప్తే మానేస్తారు." అక్క చేతిలోది గిన్నెలో పడేసింది. "ఇన్నేళ్ళూ పన్నించి వచ్చి గోడని చూస్తూ కూర్చునేవారు. ఈ గిటారొచ్చాక నాతో మాట్లాడుతున్నారు. ఆ కింగుల గురించే అనుకోండి, ఏదో ఒకటి మాట్లాడుతున్నారుగా. నా చెవులు పోతే పోనీలే అనుకున్నా."

బావ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అక్క మాత్రం, ఇద్దరూ ఎడ్డిమొహాలేసుకుని కూర్చున్నారు, లేవండి అని కసిరింది.

మిషన్లతో మాటలు బాగా వినపడుతున్నాయి కానీ గిటారు మాత్రం రేకు డబ్బాలో రాళ్ళు పోసి ఆడించినట్టుందన్నాడు. అది నిజమే. అవి మాటలకోసం చేసినవి, పాటకి అంతగా పనికిరావు. బావ వాటిని తీసి బల్లమీద పెట్టాడు. మిషన్లు లేకపోతే తన చెవిని తను నమ్మడానికి లేదని ఇప్పుడు తెలుసు. గిటారు మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఇలా రా," అన్నాడు అక్కతో. "నేను వాయిస్తుంటా. నువ్వు ఆ మీట తిప్పు. నీకు ఎక్కడ బాగుంటే అక్కడ ఆపు."

"నాకేం తెలుసండీ?"

"చెవులున్నాయిగా. తిప్పు."

అక్క తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని యాంప్ ముందు కింద కూర్చుంది. పదిమీదున్న ట్రెబుల్‌ని తొమ్మిది, ఎనిమిది, ఏడు దాకా తగ్గించింది. ఆగి వింది. నాలుగు దగ్గరికొచ్చేసరికి గిటారు గొంతు మారిపోయింది, కోపం తగ్గిన మనిషి గొంతులా ఉంది. అక్క చెయ్యి తీసేసింది.

"నాకు దుప్పటి కింద వాయిస్తున్నట్టుంది," అన్నాడు బావ. "నీకు?"

"నాకు బాగుంది."

"అయితే సరే," అన్నాడు. అదే నాలుగు దగ్గర ఉంచి, తనకి సగం మాత్రమే వినపడే ఆ పాటని చివరిదాకా వాయించాడు.

ఆదివారం ముగ్గురం గ్యారేజీకి వెళ్ళాం. టైర్ల మధ్య కుర్చీలు వేసుకుని అందరూ అప్పటికే చేరారు. బావ తన యాంప్ దించుతుంటే మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని చూశారు.

"కొత్తదా?" అన్నారు.

"కాదు మాస్టారూ, పాతదే." బావ గిటారు తగిలించుకున్నాడు. ఆ కాసేపట్లో ఆయన చొక్కా వీపంతా చెమటతో తడవడం నేను చూశాను. "యాంప్‌లో లోపం లేదు. నాకే సన్నటి శబ్దాలు వినపడవు. మా వర్క్‌షాపులో పోయాయి చెవులు. నేనెలా వాయిస్తున్నానో నాకు తెలుస్తుంది గానీ, అది మీకెలా వినిపిస్తోందో నాకు తెలీదు."

డ్రమ్ము దగ్గరాయన చేతిలో పుల్లలు కిందకి దించాడు.

"మరెలాగండీ?" అన్నారు మాస్టారు మెల్లగా.

"మా ఆవిడకి తెలుస్తుంది," అన్నాడు బావ.

అక్క తలుపు దగ్గర నా వెనకాల నక్కి ఉంది. మాస్టారు లేచి, తన కుర్చీ తనే మోసుకెళ్ళి బావ యాంప్ పక్కన వేసి, "రండమ్మా, కూర్చోండి," అన్నారు. అక్క వచ్చి కూర్చుంది, మీటమీద చెయ్యేసింది. అందరూ ఒక్కసారే అందుకునేలా మాస్టారు నిలబడే ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెట్టారు. బావ అక్క మొహం చూస్తూ మొదలుపెట్టాడు.