స్టవ్వు మీద సుద్ద గీత

మా వారు దేవానందం గారు పోయిన ముప్పై ఎనిమిదో రోజున, శుక్రవారం, నేను తిరిగి బడికి వెళ్ళాను. ఏడో తరగతికి లెక్కలు చెప్పాను. పిల్లలు అల్లరి చేయలేదు. చేసి ఉంటే బాగుండేదనిపించింది. సాయంత్రం మెట్టుగూడలో మా ఇంటి గేటు తీసేసరికి వరండా అంతా పచ్చగా మెరుస్తోంది.

అవి కిరసనాయిలుతో వెలిగే ఇత్తడి పంపు స్టవ్వులు. ఇరవై రెండు. వరండా అంచు పొడుగునా వరసగా బోర్లించి ఆరబెట్టి ఉన్నాయి. ఆ వరస చివర పీట మీద మా వారి అక్క రోసమ్మ వదినగారు కూర్చుని, చింతపండు పిప్పి అంటిన వేళ్ళు చెంగుకి తుడుచుకుంటున్నారు. ఎల్లుండి నలభయ్యో రోజు. జ్ఞాపకార్థ ప్రార్థనకని ఆవిడ నరసాపురం నుంచి రెండు రోజుల ముందే వచ్చారు.

"పొద్దుట్నించీ ఇదే పని. నడుం పడిపోయిందనుకో," అన్నారావిడ. "పాస్టరుగారొస్తారు, సంఘమంతా వస్తుంది. మావాడి సామాను మసి కొట్టుకుని ఉంటే ఏమనుకుంటారు? ఇటిక పొడి కోసం వీధి చివరి దాకా వెళ్ళాను. మీ ఊళ్ళో ఇటిక ముక్క కూడా అడుక్కోవాలే కాంతం."

నేను చెప్పులు విడిచి, వరస చివర ఉన్న ఇరవై రెండో స్టవ్వు చేతిలోకి తీసుకున్నాను. తిప్పి చూశాను. చుట్టూ చూశాను, అడుగున చూశాను. దాని టాంకు కొత్త గంటలా మెరుస్తోంది. నేను వెతికింది దాని మీద లేదు.

"కాఫీ పెట్టనా వదినగారూ?" అన్నాను. లోపలికి వెళ్ళి కాఫీ పెట్టాను.

ఆ స్టవ్వుల గురించి చెప్పాలి. మా వారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి చార్జ్‌మన్ అయ్యారు. మా ఇంట్లోకి గ్యాస్ వచ్చిన ఏడే ఆయన మొదటి మిలిటరీ స్టవ్వు తెచ్చారు. పొయ్యి అవసరం తీరాక పొయ్యి మీద ఇష్టం పుట్టిన మనిషి. కంటోన్మెంటులో పాత సామాను వేలం వేసినప్పుడు రాంగోపాల్‌పేట్ పాతసామాన్ల తుకారాం కొనుక్కొచ్చేవాడు. అందులో స్టవ్వు కనబడితే మా వారికి కబురు పెట్టేవాడు. కొన్ని యుద్ధకాలంవి. టాంకు మీద సైన్యం సొత్తని తెలిపే చిన్న బాణం ముద్ర, దాని కింద 1942 అనో 1943 అనో ఉండేది. సిపాయి సంచిలో పట్టేటంత చిన్నవి కొన్ని, పదిమందికి వండేటంత పెద్దవి కొన్ని. దాదాపు అన్నీ చచ్చిపోయి వచ్చేవి. ఎండి ముక్కలైన తోలు వాషరు, మంటకి నూనె చిమ్మే నిపుల్ పూడుకుపోయి, అతుకుల మీది మాట్లు బీటలిచ్చి.

ఆయన వాటిని ఆదివారం ఆరాధన అయ్యాక వెనక వరండాలో బాగు చేసేవారు. తోలు వాషరు తానే కత్తిరించి, ఒక రాత్రంతా కొబ్బరినూనెలో నానబెట్టేవారు. గాలి ఎక్కడ పోతోందో వెతకడానికి సబ్బు నురుగు పూసేవారు. లోపం దొరికిన చోట సుద్దముక్కతో చుట్టూ గీత గీసేవారు. ఆ సుద్దముక్కలు నా చేతిసంచిలోవి. "బడి సొత్తు," అనేదాన్ని నేను. "బడికి మంచి పేరు తెస్తున్నాను," అనేవారాయన. బాగు చేయడం పూర్తయి, స్టవ్వు వెలిగి, దాని మీద టీ కాగాక గీతను బొటనవేలితో తుడిచి అరలో పెట్టేవారు. వెలగని స్టవ్వు ఆ అరలోకి వెళ్ళలేదు. మొదటి కప్పు టీ తుకారాంకి. రెండో కప్పు నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, "టీచరుగారూ, మార్కులు?" అని అడిగేవారు. పదికి నేను ఎప్పుడూ ఎనిమిది దాటలేదు.

ఒక్కటి మాత్రం ఆయన చేసేవారు కాదు. మెరుగు పెట్టేవారు కాదు. "పని చేస్తే చాలు, దీన్నేమన్నా పెళ్ళికి పంపుతున్నామా?" అనేవారు. ఎవరి చేతి మసి వారిదే అన్నట్టు వదిలేసేవారు.

ఇరవై రెండోదాని లోపం సబ్బు నురుగుకి దొరకలేదు. మూడు ఆదివారాలు ఆయన్ని సతాయించింది. నాలుగో ఆదివారం ఇసుక బకెట్టు పక్కన పెట్టుకుని వెలిగించారు. కాసేపటికి ఆర్పేశారు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. స్టవ్వు ఒళ్ళో బోర్లించుకుని, సుద్దతో గుండ్రంగా గీస్తున్నారు. ఆ బుధవారం పది గంటలకు వర్క్‌షాపులో కుర్చీలో కూర్చున్న మనిషి లేవలేదు.

ఆయన పోయాక ఆ స్టవ్వు గీతతో సహా వెనక వరండా బల్ల మీద ముప్పై ఏడు రోజులు ఉంది. నేను రోజూ దాని పక్క నుంచి వెళ్ళాను. దగ్గరికి వెళ్ళి ఆ గీత సరిగ్గా ఎక్కడుందో చూడలేదు. పిల్లల నోటుపుస్తకంలో చుక్క తప్పిపోతే పట్టుకునే దాన్ని, చూడలేదు. చూడటానికి ఇంకా చాలా రోజులున్నాయనుకున్నాను.

ఆదివారం ప్రార్థన లోపు ఆ స్టవ్వు వెలగాలని, మిగతా ఇరవై ఒకటితో పాటు అరలోకి చేరాలని నేను ఎవరికీ చెప్పకుండా అనుకున్నాను. ఆయన సగంలో వదిలేసిన పని ఇల్లు మొత్తానికి అదొక్కటే. గీత ఉంటే అది అరగంట పని. ఇప్పుడు గీత ఎక్కడుండేదో తెలిసిన మనిషి, దాన్ని తోమిన వదినగారు ఒక్కరే. ఆవిడను అడగడమంటే ఆవిడ ఏం తుడిచేశారో చెప్పడమే. వాళ్ళమ్మ పోయేనాటికి ఈయనకు ఏడాది, వదినగారికి పదకొండేళ్ళు. చంక దించకుండా పెంచారు. అడగకూడదని నిశ్చయించుకున్నాను.

శనివారం ఒంటిపూట బడి నుంచి వస్తూ తుకారాంకి కబురు చేశాను. మాట్లు వేసే కడ్డీ, సంచీ పట్టుకుని రెండింటికల్లా వచ్చాడు. వరండా మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఏందీ టీచరమ్మా, గిట్ల మెరుస్తున్నయ్?" అన్నాడు. "మిలిటరోళ్ళు చూస్తే పరేషాన్ అయితరు. మైలు దూరంకెళ్ళి దుష్మన్‌కు కనిపిస్తయి గదా!"

"నేను తోమాను," అన్నారు వదినగారు గుమ్మంలోంచి. "నువ్వేనా ఈ చెత్తంతా మావాడికి అంటగట్టింది?"

"నేనే పెద్దమ్మా. మా దుకాన్ల సుత మస్తు చెత్త ఉన్నది. జెర వచ్చి తోముతవా?"

"నీ మొహం ముందు తోముకో. వారం రోజుల మసుంది."

తుకారాం పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కండువాతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడని నేను చూశాను.

ఇరవై రెండో స్టవ్వుకి గాలి కొట్టి సబ్బు నురుగు పూశాం. బుడగ రాలేదు. గోరువెచ్చని నీళ్ళ బకెట్టులో ముంచాం. రాలేదు.

"గిది మంట వేడికే నోరు తెరుస్తది," అన్నాడు తుకారాం. "చల్లగైతే మూస్కుంటది. గందుకే సార్‌ను గంత తక్లీఫ్ పెట్టింది."

"మళ్ళీ వెలిగించి చూద్దామా?"

"నాతోని గాదు టీచరమ్మా. యాడ లీకున్నదో ఎరుకలేకుండ వెలిగిస్తే ముంగట మనమే అంటుకుంటం. సార్ చెయ్యి వేరే."

"పోనీ, ఉన్న అతుకులన్నిటికీ మాట్లు వేసేస్తే?"

"ఒక్కటి వేస్తుంటే పక్కది కరుగుతది. మూడు కాళ్ళు, నడుమ అతుకు. యాడని పట్టుకోను?" అతను స్టవ్వును అటూ ఇటూ తిప్పాడు. "గట్లెందుకు, సార్ గీత పెట్టిండు గదా. ఆ ఆదివారం నాకు ఫోన్ చేసిండు. దొరికింది తుకారాం, సుద్దతోని గీత పెట్టిన, వచ్చే ఆదివారం మాటేద్దాం, చాయ్ తాగుదువు రా, అన్నడు. ఏదీ ఆ గీత?"

నేను సబ్బు గిన్నె పక్కకి జరిపాను. బకెట్టులో నీళ్ళు ఇంకా కొద్దిగా కదులుతున్నాయి.

"ఏ గీత?" అన్నారు వదినగారు.

తుకారాం ఆవిడ వంక చూశాడు, మెరిసే వరస వంక చూశాడు, తర్వాత తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

ఆవిడ గుమ్మం దిగి వచ్చారు. అతని చేతిలోంచి స్టవ్వు తీసుకుని పీట మీద కూర్చున్నారు. నిన్న తోమినప్పుడు ఎలా పెట్టుకున్నారో అలాగే మోకాళ్ళ మధ్య బోర్లించుకున్నారు. ఎడమ చేత్తో ఒక కాలు పట్టుకుని, కుడిచేత్తో పీచు లేకుండానే తోముతున్నట్టు తిప్పుతూ వెళ్ళారు. కొంతదూరం పోయాక చెయ్యి ఆగింది.

"ఇక్కడ," అన్నారు. "ఈ కాలి పక్కన, లోపలి వైపు. జిడ్డులో తెల్లగా, గుండ్రంగా ఉంది. సున్నం మరకనుకున్నాను. రెండుసార్లు తోమినా పోలేదు. మూడోసారి ఇటిక పొడి వేశాను." తలెత్తి నా వంక చూసి, "అది వాడు గీశాడా కాంతం?" అన్నారు.

కాదని చెప్పవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"అవును వదినగారూ."

"నీకు నిన్ననే తెలుసా?"

"తెలుసు."

"మరి నన్నేమీ అనలేదేం?"

నేను చెంగుతో నేల మీది నీళ్ళు తుడవబోయాను.

"నా మొహం చూడకుండా కాఫీ ఇచ్చావు," అన్నారావిడ. "బడికెళ్ళి అలిసిపోయావనుకున్నాను. ఒక్క కేక వేసి ఉండాల్సింది నువ్వు. మనిషి పోయిన ఇంట్లో ఇంత నెమ్మదేంటే?" ఆవిడ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నారు. స్టవ్వును మాత్రం వదల్లేదు. వేలు ఆ చోటు మీదే ఉంది.

నేను ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. వదినగారి భుజం మీద చెయ్యి వేశాను. ముప్పై తొమ్మిది రోజుల్లో నేను ఏడ్చింది రెండుసార్లే. మూడోసారి అప్పుడు. తుకారాం బకెట్టు తీసుకుని, నీళ్ళు పారబోసే పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళాడు. ఆ కొంచెం నీళ్ళు పారబోయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

అతను తిరిగి వచ్చాక నా చేతిసంచిలోంచి సుద్దముక్క తీసి వదినగారికిచ్చాను.

"మీరే గీయండి."

"నేనా? నాకేం చేతనవుతుంది?"

"మీరు వేలు తీస్తే మళ్ళీ చోటు పోతుంది."

ఆవిడ వేలు తీయకుండా దాని చుట్టూ గీశారు. మొదలు, చివర కలవలేదు. మళ్ళీ గీసి కలిపారు.

"మస్తు పెద్దగ గీసినవ్ పెద్దమ్మా," అన్నాడు తుకారాం. "గింత జాగల రెండర్రల ఇల్లు కట్టొచ్చు."

"కట్టుకో. చేతిలో కడ్డీ ఉందిగా," అన్నారావిడ ముక్కు తుడుచుకుంటూ.

తుకారాం టాంకు నిండా నీళ్ళు పోసి వంపేసి, లోపల కిరసనాయిలు వాసన లేకుండా కడిగాడు. భూతద్దం పెట్టి చూస్తే వదినగారి గీత మధ్యలో, కాలి అతుకు వెంబడి, వెంట్రుకంత సన్నటి నల్లటి బీట ఉంది. మసి ఉండగా అది కనబడేది కాదు. తుకారాం కడ్డీ కాల్చి మాటు వేశాడు. మాటు మధ్యలో పడింది. సుద్ద గీత దాని చుట్టూ చాలావరకు మిగిలింది.

అది బాగా చల్లారాక ఇసుక బకెట్టు పక్కన పెట్టుకుని, మేం దూరంగా జరిగాక, తుకారాం టాంకులో కిరసనాయిలు నింపి, వేడెక్కడానికి పైన స్పిరిట్ పోసి అగ్గిపుల్ల గీశాడు. మంట ముందు పసుపుగా తూలింది. అతను మెల్లగా పంపు కొట్టాడు. మంట కురచై, నీలమై, చప్పుడు మొదలైంది. పక్కగదిలో ఆవిరి వదిలే కుక్కరులా, కానీ ఆగకుండా సాగే ఆ చప్పుడు మా ఇంట్లో నాలుగు వారాలకోసారైనా వినిపించేది. వదినగారు అది ఎప్పుడూ వినలేదు.

"ఇంత చప్పుడా!" అన్నారు. "దీంతోనా వీడు ఆదివారాలు గడిపింది?"

పావుగంట చూశాం. కింద తడి చేరలేదు. మంట వంగలేదు. నేను గిన్నెలో పాలూ నీళ్ళూ కలిపి పెట్టాను. టీ కాగింది.

మొదటి కప్పు తుకారాంకి ఇచ్చాను. అతను తాగలేదు. కప్పు పట్టుకుని నా వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "మార్కులు, టీచరమ్మా?" అన్నాడు.

నా కప్పు తీసుకుని ఒక గుక్క తాగాను. కిరసనాయిలు వాసన కొద్దిగా తగిలింది. పంచదార సరిపోయింది.

"ఏడు," అన్నాను.

"సార్ ఉంటే లడాయి చేస్తుండె," అన్నాడతను. అప్పుడు తాగాడు.

వదినగారు రెండు గుక్కల్లో కప్పు ఖాళీ చేశారు. స్టవ్వు చల్లారాక నేను బోర్లించి ఆ గీత చూశాను. ఈసారి దగ్గరగా, చాలాసేపు చూశాను.

"అది ఉండనీయవే," అన్నారావిడ. "వాడిది కాకపోయినా."

"పని అయిపోయాక గీత ఉంచరు వదినగారూ."

బొటనవేలితో తుడిచాను. అరలో ఇరవై ఒకటీ తిరిగి సర్ది, చివరి చోట దాన్ని పెట్టాను. మిగతావన్నీ మెరుస్తున్నాయి. ఇది ఒక్కటే వెలిగింది కాబట్టి పైభాగాన కొంచెం మసి పట్టింది. వదినగారు దాన్ని చూశారు. ఆవిడ చెయ్యి గట్టు మీద ఉన్న చింతపండు గిన్నె దాకా వెళ్ళింది. అక్కడే ఒక క్షణం ఆగి, గిన్నె మీద మూత సరిచేసి, వెనక్కి వచ్చింది.