తలుపు దగ్గరి చాప

దువ్వెన కనిపించలేదని ఆ బుధవారం పొద్దున్నే మా ఇంట్లో యుద్ధం మొదలైంది.

"మొన్న శుక్రారం సంతలో కొన్నాను. పళ్ళొక్కటీ ఇరగనేదు. ఏటి సేసినావే గుంటా?" అంటూ మా అత్త దేముడమ్మ జుట్టు విరబోసుకుని వాకిట్లో నిలబడింది. నాది ఇస్తానంటే, "నీది జల్లెడలాగుంటది, పేలు కూడా జారిపోతాయి" అంది.

మా ఆయన రవిబాబు టార్పాలిన్ మీద కాఫీ గింజలు నెరపుతూ నవ్వాడు. "స్టేషన్లో కేసెట్టమ్మా."

"నువ్వు మూసుకో. నీకు దువ్వుకోడానికి ఏటుంది?"

ఈ సందట్లో నా కూతురు గాయత్రి బ్యాగు తగిలించుకుని చప్పుడు లేకుండా గుమ్మం దాటబోయింది. ఏడో తరగతి పిల్ల అంత మెల్లగా నడిస్తే ఏదో ఉందన్నమాట.

"ఆగు. దువ్వెన ఎక్కడ?"

"కృపావతికిచ్చాను. దాని దువ్వెన మా క్లాసువాళ్ళు కాలవలో పారేశారు. జడ వేసుకు రాలేదని సార్ మళ్ళీ దాన్నే తిట్టారు."

మా అత్త గొంతు పైకి లేచింది. "మంగ్లు కూతురికా? ఆ సిల్లంగోళ్ళ గుంటకి నా దువ్వెన ఇచ్చినావా!"

చిల్లంగి అంటే చేతబడి. పై గూడెంలో వాళ్ళ పక్కింటి పశువులు వరసగా చచ్చినప్పుడు ఆ నింద మంగ్లు తల్లి మీద పడింది. అది గొంతువాపు రోగమని పశువుల డాక్టరు వచ్చి చెప్పినా ఎవరూ వినలేదు. ముసలామె కాలం చేసింది. నింద మాత్రం మనవరాలి వెంట బడికి వచ్చింది.

"దాన్ని విడిగా కూర్చోబెడతారమ్మా," అంది గాయత్రి. "తలుపు దగ్గర చాప మీద. అన్నం కూడా అక్కడే తింటాది."

"ఎవరు కూర్చోబెట్టారు?"

"పెద్ద సారే."

నేను గరిటె కింద పెట్టాను. పిల్లలు ఒకరిని వెలివేశారంటే అది పిల్లల తప్పు. బడే చాప వేసి ఇస్తే దాన్ని ఏమనాలి?

"రేపు మంగ్లు మామ వచ్చి సంతకం పెడతాడంట. దాన్ని ఎక్కడో దూరం హాస్టలు బడికి పంపేస్తారంట." గాయత్రి కళ్ళు నిండాయి. "అదెళ్ళనంటాదమ్మా."

"మధ్యాహ్నం నేను బడికొస్తాను. నువ్వెళ్ళు."

"నానూ వత్తాను," అంది మా అత్త. "నా దువ్వెన నాకు గావాల."

*

అన్నం వేళకు బడికి చేరాం. పిల్లలు వరండాలో రెండు వరసలుగా కూర్చుని తింటున్నారు. దూరంగా తరగతి గుమ్మం దగ్గర చిరుగుల చాప. దాని మీద కృపావతి, ఒళ్ళో కంచం. రెండు జడలూ బిగుతుగా, చక్కగా ఉన్నాయి.

మమ్మల్ని చూడగానే లేచింది. చెయ్యి కడుక్కుని, సంచిలోంచి కాగితంలో చుట్టిన దువ్వెన తీసింది. దగ్గరికి వచ్చి, ఇంకా చాలా ఎడం ఉండగానే ఆగిపోయింది. పొట్లం నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. మా అత్త అప్పటికే చెయ్యి చాపి ఉంది.

"ఏటే, నేలనెట్టినావు?"

"సేతికిత్తే పుచ్చుకోరు కదా మామ్మా. కడిగాను."

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. బడి గంట ఎప్పుడు కొడతారో చెప్పినట్టు చెప్పింది. మా అత్త ఊళ్ళో ఎవరినైనా ఒక్క మాటతో కూర్చోబెట్టగలదు. ఇప్పుడు తానే వంగి నేల మీది పొట్లం అందుకుంది.

వరసలోంచి ఎవడో అరిచాడు. "మామ్మా, ముట్టుకోకు, జొరమొత్తాది!"

వరండా అంతా గొల్లున నవ్వింది. గాయత్రి కంచం పట్టుకునే లేచి నిలబడింది. "నీకొచ్చిందేట్రా ఎప్పుడైనా?"

"నాను ముట్టుకుంటే గదా రావడానికి!"

మళ్ళీ నవ్వులు. హెడ్మాస్టరు సర్వేశ్వరరావు గారు ఆఫీసు గదిలోంచి తొంగి చూసి, "ఏయ్, సైలెన్స్!" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. అంతే. జ్వరం మాట అన్నదెవడని కూడా అడగలేదు.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా ఆఫీసు గదిలోకి నడిచాను.

"కృపావతిని విడిగా ఎందుకు కూర్చోబెట్టారు సార్?"

"గొడవలు ఆగాలనమ్మా. బెంచీ మీంచి తోసేసేవారు, పుస్తకాలు చింపేవారు. చాప వేశాక ఒక్క కంప్లయింటు లేదు." ఆ మాట ఆయన నిజంగా తృప్తిగానే చెప్పారు. చెడ్డ మనిషి కాదు. చింపిన పుస్తకాల బదులు తన డబ్బుతో కొత్తవి కొనిచ్చారని గాయత్రి ఒకసారి చెప్పింది.

"తోసిన వాళ్ళతో ఏం మాట్లాడారు?"

"చిన్నపిల్లలు కదమ్మా."

"చిల్లంగి అనడం తప్పని క్లాసులో ఒక్కసారైనా చెప్పారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను మైదానం నుంచి వచ్చినవాణ్ణి. ఇది మీ కొండల నమ్మకం. వేలు పెడితే పిల్లల్ని బడి మానిపిస్తామని తల్లిదండ్రులే వచ్చి చెప్పారు."

"తోసినవాళ్ళు బెంచీ మీద ఉన్నారు. పడ్డ పిల్ల నేల మీద ఉంది. రేపు ఆ నేల కూడా ఉండదు. చూస్తున్న పిల్లలు ఏం నేర్చుకుంటారు సార్?"

ఆయన గొంతు తగ్గించారు. "అమ్మా, ఒక్క ఇంటివాళ్ళయినా నలుగురిలో నిలబడి ఆ పిల్ల మా పిల్ల పక్కన కూర్చోవచ్చు అనండి. నాకు ధైర్యం వస్తుంది. సంతకం ఆపేస్తాను. చాప తీసేస్తాను."

"నేనంటాను."

"మీరు డిగ్రీ చదివారు, మీ మాట వేరంటారు. ఎవరైనా పెద్దవాళ్ళు..." ఆయన చూపు గుమ్మం వైపు పోయింది. అక్కడ మా అత్త నిలబడి ఉంది. అంతా విన్నది. వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది.

నేను పరుగులాంటి నడకతో ఆవిడను అందుకున్నాను. ఒక్క ఇల్లు! అంతే కావాలి! మాట ఎలా ఎత్తాలా అని వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఇంతలో మిరియాల తోట మలుపు దగ్గర ఆవిడ ఇంటి దారి వదిలేసి, పైకెళ్ళే కాలిబాట పట్టింది.

"ఎక్కడికి అత్తా?"

"నీకెందుకు? బేగి ఎళ్ళి బియ్యమెట్టు. నాకూ ఎయ్యి."

*

బడి వదిలి వచ్చిన గాయత్రి వాకిట్లోంచి కదల్లేదు. నేను పొయ్యి దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. రాజ్మా కూర అడుగంటింది. చీకటి పడకముందే మా అత్త వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఏమీ జరగనట్టు పీట మీద కూర్చుంది. అందరికీ వడ్డించాను. ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"కూర మాడింది," అంది ఆవిడ. తర్వాత గాయత్రి వైపు తిరిగింది. "గుంటా, ఆ కృపావతి నీకేటవుద్ది?"

"ఫ్రెండు, మామ్మా."

"ప్రెండంటే ఇయ్యాల ఉంటది, రేపు పోద్ది. ఇనండి అందరూ. మంగ్లు ఇంటికెళ్ళి అడిగొచ్చినాను. శుక్రారం సంతనాడు నీకూ దానికీ నేస్తం కట్టేత్తన్నాను."

గాయత్రి కేక పెట్టింది. రవిబాబుకు పొలమారింది.

నేస్తం కట్టడమంటే మా కొండల్లో ఆటమాట కాదు. పెద్దల ఎదుట ఇద్దరికీ బట్టలు మార్పించి, రెండిళ్ళ బియ్యమూ ఒకే కుండలో పోసి వండుకుని తింటారు. ఆనాటి నుంచి పెళ్ళికైనా చావుకైనా రెండిళ్ళూ ఒకటే. నేస్తం ఇంటి మీద ఒక నింద వేస్తే మన ఇంటి మీద వేసినట్టే. ఇక మా ఇంటి మీద, అంటే దేముడమ్మ మీద, నింద వేసే గుండె ఈ చుట్టుపక్కల ఎవరికుంది?

"పొద్దున నువ్వే కదమ్మా సిల్లంగోళ్ళన్నావు?" అన్నాడు రవిబాబు దగ్గుతూనే.

"అన్నాను. నన్ను సూసి ఆ గుంట ఎనక్కి జరిగిపోనాదిరా. సిల్లంగున్నది ఊరిని బెదిరిత్తదా, తాను బెదురుద్దా?"

"అయితే ఆ మాట బడిలో..." అన్నాను నేను.

"సెప్తాను. రేపు మంగ్లు కన్నా ముందే నాను బడికెళ్తాను. పిల్లలందర్నీ నిలబెట్టినప్పుడు ముందరికెళ్ళి, ఇది నా మనవరాలి నేస్తం, దీని పక్కన మావోళ్ళు కూకుంటారని నాను సెప్తాను." ఆవిడ ముద్ద కలిపింది. "ఇప్పుడే ఆ సారుకి ఫోను సెయ్యి. మళ్ళీ తోసినోడికీ, జొరమన్నోడికీ ఏటవుద్దో ఆయన నోటితో అక్కడే సెప్పాల. నా పని నాను సేత్తాను. బడి పని బడి సెయ్యాల."